కారు కడిగే చేతులు

దసరాకు ముందురోజు సాయంత్రం మా చిక్కడపల్లి సందుల్లో నడవడం కష్టం. ఆయుధపూజకని ప్రతి ఇంటి ముందూ బళ్ళు కడుగుతూ ఉంటారు. కార్లు, స్కూటర్లు, ఆటోలు, ఆఖరికి పిల్లల సైకిళ్ళు కూడా. రోడ్డంతా సబ్బు నురుగు. మూడేళ్ళ కిందట అలాంటి ఒక సాయంత్రం నేను ఆసుపత్రి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఉండగా, వెనక సందులోని అపార్టుమెంటు వాచ్‌మన్ గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. పాలమూరు వైపు మనిషి. నలభై ఏళ్ళుంటాయి. ఆ భవనంలోని పన్నెండు కార్లనూ రోజూ తెల్లవారుజామున అతనూ, అతని భార్యా కడుగుతారు.

"సారూ, ఏలు బాగ సలుపుతున్నది" అన్నాడు కుడిచెయ్యి చూపిస్తూ.

చూశాను. చూపుడు వేలి కొస కాస్త తెల్లబారినట్లుందే తప్ప వాపు లేదు, పొక్కు లేదు, ఎరుపైనా లేదు. పొద్దుటినుంచి నీళ్ళలో నానిన వేలు గదా, అలాగే ఉంటుందనుకున్నాను. నొప్పి మాత్ర ఒకటి ఇచ్చి, రేపటికి తగ్గుతుందిలే పొమ్మన్నాను. ఏం ముట్టుకున్నావు, దేనితో కడిగావు అని అడగనేలేదు. పాతికేళ్ళకు పైగా సర్వీసున్న డాక్టరు చేయదగిన పొరపాటు కాదది.

రాత్రి పదకొండు దాటాక అతని భార్య తలుపు కొట్టింది. "సారూ, జర వచ్చి సూడుండ్రి. నొప్పికి ఒర్లుతున్నడు, చెయ్యి గోడకేసి కొట్టుకుంటున్నడు" అంటున్నది. వెళ్ళి చూస్తే వేలి కొస బూడిదరంగుకు తిరిగింది. గోరు చుట్టూ వాచింది. వేలు చూడబోతే అంత గాయమేమీ లేదు, మనిషి మాత్రం తట్టుకోలేక ఏడుస్తున్నాడు. గాయానికీ నొప్పికీ పొంతన కుదరనప్పుడు డాక్టరు మనసులో ఒక గంట మోగాలి. నాకు అప్పుడు మోగింది. "ఇవాళ కొత్తగా దేనితోనైనా కడిగావా?" అని అడిగితే మెట్ల కింద నుంచి ఒక ఊదారంగు సీసా తెచ్చి చూపించాడు. మూడో అంతస్తులోని రిటైరైన పెద్దమనిషి చక్రాల రిమ్ములు తళతళలాడాలని కొని తెచ్చి, గుడ్డకు పోసి రుద్దమన్నాడట. సీసా మీద పెద్ద అక్షరాలతో మెరుపు గురించి ఉంది. వెనకవైపు, నా కళ్ళజోడుకు కూడా అందనంత సన్నని అక్షరాలతో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ అని ఉంది.

మామూలు యాసిడ్ అయితే చెయ్యి చురుక్కుమంటుంది, మనిషి వెంటనే కడుక్కుంటాడు. ఇది అలా కాదు. పలచగా కలిపినదైతే పడినప్పుడు ఏమీ తెలియదు. గంటల తరబడి, ఒక్కొక్కప్పుడు దాదాపు ఒక రోజంతా ఊరుకుని, ఆ తర్వాత నొప్పి మొదలవుతుంది. ఈలోగా అది చర్మం దాటి, కొవ్వు దాటి లోపలికి ఇంకిపోతుంది. అందులోని ఫ్లోరైడుకు సున్నపు ధాతువు మీద, అంటే కాల్షియం మీద మహా ఆశ. కండలోనూ, ఎముకలోనూ, నెత్తురులోనూ ఎక్కడ కాల్షియం దొరికితే అక్కడ దాన్ని పట్టుకుంటుంది. నెత్తురులో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. గాఢమైన సరుకు అరచేయంత మేర పడినా ప్రాణానికే ముప్పు.

ఆ రాత్రి అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయి, కాల్షియం గ్లూకోనేటు ఇంజెక్షన్ మందును జెల్లీలో కలిపి, దాన్ని ఒక రబ్బరు తొడుగులో నింపి, ఆ తొడుగును అతని చేతికి తొడిగాము. ఈ జబ్బుకు అదే విరుగుడు. నొప్పి తగ్గిందా లేదా అన్నదే మందు పనిచేసిందనడానికి గుర్తు కాబట్టి వేలును మొద్దుబరిచే ఇంజెక్షన్ ఇవ్వలేదు. రెండు గంటలకు అతను గోడకు చేరగిలబడి నిద్రపోయాడు. వేలు దక్కింది. గోరు మాత్రం ఊడిపోయింది.

కారు సబ్బుల గురించి, పాలిష్‌ల గురించి చెప్పడానికి మెకానిక్కు ఉండగా డాక్టరెందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. ఏ సీసాతో కారు బాగా మెరుస్తుందో మెకానిక్కే చెప్పాలి, నాకు తెలియదు. ఆ సీసా చేతికి ఏం చేస్తుంది, కంటికి ఏం చేస్తుంది, సెల్లారులో ఆడుకునే చంటివాడి పొట్టలోకి వెడితే ఏం చేస్తుంది అన్నది మాత్రం మా పద్దులోకి వస్తుంది. కొనేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న అదేనని నా ఉద్దేశం. కొనేది ఒకరు, వాడేది వేరొకరు అయినప్పుడు మరీనూ.

నా చిన్నతనంలో, 1970లలో, నారాయణగూడలో మా వీధి మొత్తానికి ఒకే ఒక అంబాసిడర్ ఉండేది. వకీలుగారిది. ఆదివారం పొద్దున డ్రైవరు దాన్ని రెండు బక్కెట్ల నీళ్ళతో కడిగి, కిరోసిన్ తడిపిన గుడ్డతో తుడిచేవాడు. ఆ వాసన పీల్చడానికి పిల్లలమంతా చుట్టూ మూగేవాళ్ళం. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఈ రోజుల్లో అశోక్‌నగర్‌లో ఏ అపార్టుమెంటు సెల్లారుకు వెళ్ళినా పది, పదిహేను కార్లుంటాయి. దుకాణంలో షాంపూ, నురుగు, మైనం, టైరు పాలిష్, డాష్‌బోర్డు పాలిష్, అద్దాల స్ప్రే, తారు మరకల ద్రావకం, రిమ్ముల క్లీనరు, తుప్పు వదిలించే మందు అంటూ వరసపెట్టి ఉంటాయి. వీటిలో ముప్పాతిక వంతు లేకపోయినా కారుకు వచ్చే లోటేమీ లేదు.

నన్నడిగితే, వారానికొకసారి కడిగే ఇంటికి కారు షాంపూ ఒకటి, మైనం డబ్బా ఒకటి, మెత్తటి గుడ్డలు నాలుగు, మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు ఒక జత ఉంటే చాలు. మిగతావి అక్కర పడినప్పుడు చూసుకోవచ్చు. మంచి కారు షాంపూ క్షారమూ కాదు, ఆమ్లమూ కాదు, మధ్యస్థంగా ఉంటుంది. సీసా మీద పీహెచ్ 7 అనో, న్యూట్రల్ అనో రాస్తారు. అది రంగుకూ మంచిదే, చర్మానికీ మంచిదే. ఖర్చు కలిసివస్తుందని బట్టల సబ్బుపొడి వాడేవారున్నారు. సబ్బుపొడిలో చాకలి సోడా ఉంటుంది. అది కారు మీది మైనాన్నీ వదిలిస్తుంది, మన చర్మం మీద ఉండే సహజమైన జిడ్డునూ వదిలిస్తుంది. ఆ జిడ్డు పోయిన చెయ్యి ఎండిన చెరువులా పగులుతుంది. పగిలిన చోట మళ్ళీ అదే సబ్బు పడితే మంట, దురద, తర్వాత ఎగ్జిమా. తెల్లవారుజామున పది కార్లు కడిగి, తర్వాత ఇళ్ళల్లో అంట్లు తోమి, బట్టలుతికే ఆడవాళ్ళ చేతులు చూడండి. వేళ్ళ సందులు ఒరిసిపోయి, తెల్లగా నాని, పుండ్లు పడి ఉంటాయి. తామర అనుకుని మందుల దుకాణంలో ఏదో లేపనం కొని పూస్తారు. అటువంటి లేపనాల్లో స్టిరాయిడ్ కలిసినవి చాలా ఉన్నాయి. రెండురోజులు హాయిగా ఉండి, నెలకల్లా చర్మం పలచబడి, తామర నిజంగానే ఉంటే అది ఇంకా పాకుతుంది. పని అయిపోగానే మంచినీళ్ళతో కడుక్కుని, వేళ్ళ సందులు పొడిగా తుడుచుకుని, కొబ్బరినూనె గాని, వాసన లేని వాజిలీన్ గాని రాసుకుంటే సగం బాధ పోతుంది. తొడుగు లోపల చెమట పట్టి చెయ్యి నానుతుందనేవారు లోపల పలచటి నూలు తొడుగు వేసుకోవచ్చు.

సీసా మీద ఏమీ రాయని సరుకు, డబ్బాలోంచి విడిగా కొలిచి పోసే సరుకు కూడా అమ్ముతున్నారు. అది క్షారమో, ఆమ్లమో ఇంట్లోనే తెలుసుకునే ఉపాయాలు రెండున్నాయి. పసుపు కలిపిన నీళ్ళలో తెల్లగుడ్డ ముంచి ఆరబెట్టండి. దాని మీద ఒక చుక్క వేయండి. ఎర్రబడితే క్షారం. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది గదా, అదే కిటుకు. రెండోది మన సెల్లారు నేలే. షాబాదు బండ సున్నపురాయి జాతి. దాని మీద ఒక చుక్క పడి బుసబుస పొంగితే అది యాసిడ్. చుక్కను పుల్లతో వేయాలి గాని వేలితో కాదు. అయితే ఈ పరీక్షల్లో నెగ్గినంత మాత్రాన ఆ సరుకు మంచిదనుకోకూడదు. పెట్రోలు జాతి ద్రావకాలు రెంటిలోనూ దొరకవు. ముందు చెప్పిన హైడ్రోఫ్లోరిక్ యాసిడ్, దాని తోబుట్టువు అమ్మోనియం బైఫ్లోరైడు పలచగా ఉంటే బండ మీద పెద్దగా పొంగకపోవచ్చు. కాబట్టి రిమ్ముల క్లీనరు, తుప్పు వదిలించే మందు విషయంలో పరీక్షలతో పని లేదు. ఏమున్నదో రాయనిది కొనవద్దు. ఫ్లోరిక్ అనో, ఫ్లోరైడు అనో ఉంటే అసలే కొనవద్దు. చేతి మీద ద్రవం చుక్కలు పడి చెయ్యి తినేసినట్లు ఒక బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ ఉన్న సీసా ఇంటికి రానవసరం లేదు. రిమ్ముకు అంటుకునే నల్లటి పొడి బ్రేకులు అరిగి రాలేదే. కారు చల్లబడ్డాక షాంపూ నీళ్ళూ, మెత్తటి బ్రష్షూ వాడితే వారం వారం పోతుంది. నాలుగు నెలలు వదిలేసి ఒక్కరోజులో మెరవాలంటేనే యాసిడ్ కావలసి వస్తుంది.

పొరపాటున అలాంటిది చేతిమీద పడితే, నొప్పి ఉన్నా లేకపోయినా కుళాయి కింద పావుగంట పైగా ధారగా కడిగి, ఉంగరాలు తీసేసి, సీసా వెంట పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాలి. ఏ ద్రవం కంట్లో పడినా ఇదే మాట. ముందు నీళ్ళు, తర్వాత డాక్టరు. కన్ను తెరిచి పట్టుకుని ఇరవై నిమిషాలు నీళ్ళు పోయాలి. యాసిడ్ కంటే క్షారం కంటికి ఎక్కువ చేటు. తాంబూలపు సున్నం చిమ్మి చూపు పోగొట్టుకున్న పిల్లలను ఎరుగని కంటి డాక్టరు మన దేశంలో ఉండడు. బళ్ళు కడిగేచోట కొట్టే నురుగుల్లో కొన్నిటిలో కాస్టిక్ సోడా ఉంటుంది. అవి వాడే కుర్రవాళ్ళకు కళ్ళజోళ్ళు ఇవ్వని యజమానులను ఏమనాలో నాకు తెలియడం లేదు.

ఇక సెల్లార్ల సంగతి. 2000 ఆగస్టు 24న నగరంలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడి హుసేన్‌సాగర్ నాలా పొంగినప్పుడు దోమలగూడ, అశోక్‌నగర్, నల్లకుంటల్లో ఇళ్ళు ఎలా మునిగాయో ఇక్కడివారెవరూ మరచిపోరు. 2020 అక్టోబరు వానలకూ నగరంలో ఎన్నో సెల్లార్లు నిండాయి. నీళ్ళు తీశాక కార్ల సీట్లకు బూజు, నేలంతా బురద, కంపు. అప్పుడు జనం చేసే పని ఏమిటంటే, బ్లీచింగ్ పౌడరు చల్లి, అది చాలదన్నట్లు బాత్‌రూం యాసిడ్ కూడా పోసి రుద్దుతారు. ఈ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో సైనికుల మీదికి వదిలినది ఈ వాయువే. గాలికంటే బరువు కనుక పైకి పోదు, పల్లానికి దిగుతుంది. సెల్లారు కంటే పల్లం ఇంకేముంది? కళ్ళు మండి, దగ్గు వచ్చి, గొంతు పట్టేసినట్లయితే అక్కడే నిలబడి తుడవకుండా వెంటనే పైకి వచ్చేయాలి. ఆయాసం అప్పుడే రాకుండా కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. ఉబ్బసం ఉన్నవారైతే ఆ పూట ఆసుపత్రిలో కనిపించి తీరాలి. బ్లీచింగును అమ్మోనియా ఉన్న అద్దాల స్ప్రేతో కలిపినా ఇటువంటి విషవాయువే వస్తుంది.

వరదనీటిలో మునిగిన సీట్లకు ఘాటైన మందు కంటే సబ్బునీళ్ళూ, ఎండా మేలు. సీటు లోపల తడి ఉన్నంతకాలం ఎంత మందు కొట్టినా బూజు మళ్ళీ వస్తుంది. తలుపులన్నీ తెరిచి, తివాచీలు బయటకు లాగి, పూర్తిగా ఎండాలి. ఎండని స్పాంజిని పారేయడమే నయం. ఆ పని చేసేవారు కాళ్ళకు బూట్లు, చేతులకు తొడుగులు లేకుండా దిగకూడదు. నాలా నీటిలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది. కాలి పగుళ్ళ ద్వారా ఎలుకల జ్వరం వస్తుంది. బురదలో దిగిన వారం, రెండు వారాలకు జ్వరమూ, పిక్కల నొప్పులూ, కళ్ళెర్రదనమూ వస్తే ఫలానా రోజు నాలా నీళ్ళలో దిగానని డాక్టరుతో మీరే చెప్పండి. నావంటి వాడు అడగడం మరచిపోవచ్చు.

చిన్నపిల్లలున్న ఇళ్ళవారు చదవవలసిన భాగం ఇది. తారు మరకలు వదిలించడానికి పెట్రోలో, తిన్నరో, టర్పెంటైనో తెస్తారు. సీసా పెద్దది, ధర ఎక్కువ. నలుగురూ పంచుకుంటారు. దేనిలో పోసుకుంటారు? కూల్‌డ్రింకు సీసాలో. దాన్ని మెట్ల కింద, నీళ్ళ మోటారు పక్కన పెడతారు. వేసవి మధ్యాహ్నం ఆడి ఆడి దాహమేసిన నాలుగేళ్ళ పిల్లవాడికి అది కూల్‌డ్రింకే. ఒక్క గుక్క తాగి, రుచి చెడి, కక్కబోయి, పొరబోతుంది. పొట్టలోకి పోయినదానితో అంత ప్రమాదం లేదు, ఊపిరితిత్తుల్లోకి జారిన చెంచాడుతోనే ప్రమాదం. ఊపిరితిత్తుల లోపలి సన్నని పొరను అది కరిగించి, నిమోనియా తెస్తుంది. వార్డులో ఇటువంటి పిల్లలను నేను చాలామందిని చూశాను. వారిలో సగంమందికి ఇంట్లోవారే హాని ఎక్కువ చేసి తెస్తారు. గొంతులో వేలు పెట్టి, ఉప్పునీళ్ళు తాగించి, వాంతి చేయిస్తారు. ఆ వాంతిలో మిగిలినది కూడా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. యాసిడ్ తాగిన బిడ్డకు వాంతి చేయిస్తే ఒకసారి కాలిన గొంతు రెండోసారి కాలుతుంది. విరుగుడని వంటసోడా పోయడమూ తప్పే. నోరు పుక్కిలించి, తడిసిన బట్టలు విప్పి, ఒళ్ళు కడిగి, 108కి ఫోను చేయండి. దగ్గు, ఎగశ్వాస, మగత ఏ కొంచెం ఉన్నా నోటికి ఏమీ ఇవ్వకండి. బాగానే ఉన్నాడనిపించినా కొన్ని గంటలు ఆసుపత్రిలో ఉంచి చూడాలి. సీసా తప్పకుండా తీసుకురండి. ఏం తాగాడో తెలియకుండా వైద్యం చేయడం చీకట్లో సూదిలో దారం ఎక్కించినట్లే.

అందుకని ఏ ద్రావకమైనా కొన్న సీసాలోనే, దాని చీటీతోనే, తాళం వేసిన చోట ఉండాలి. చిన్న సీసా దొరికితే లీటరు చవకని పెద్దది కొనకండి. పంచుకోవలసి వస్తే ఆ పూటకు కావలసినంత గుడ్డకు పోసుకుని సీసా తిరిగి ఇచ్చేయండి.

కారు లోపలి సరుకుల్లో నాకు ఎక్కువ భయం దుకాణంలో దొరికేవాటికంటే ఇంట్లోనివాటి గురించే. సహజమైనది గదా అని హారతి కర్పూరం మూటకట్టి ఏసీ దగ్గర వేలాడదీసే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. పెద్దవాళ్ళకు ఆ వాసన వల్ల పెద్ద బాధ లేదు. కాని వెనకసీట్లో కూర్చున్న రెండేళ్ళ పిల్ల కలకండ ముక్కనుకుని ఒకటి రెండు బిళ్ళలు మింగితే అరగంటలో ఫిట్స్ వస్తాయి. హారతి కర్పూరం మింగి ఫిట్స్‌తో వచ్చే పిల్లలు మా పిల్లల వార్డులకు కొత్త కాదు. కలరా ఉండలైతే మరీ చెడ్డవి. జి6పిడి అనే పదార్థం పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలు కొందరుంటారు. పైకి ఆరోగ్యంగానే ఉంటారు. కలరా ఉండల ఆవిరి పీల్చినా, వాటిమధ్య దాచిన బట్టలు తొడిగినా అలాంటి పసికందులకు ఎర్రకణాలు చితికిపోయి, కామెర్లు కమ్ముతాయి. బాలింతను, బిడ్డను ఇంటికి తెచ్చే కారులో కలరా ఉండలు లేకుండా చూసుకోండి.

సెంటు సీసాల సంగతి ఇంతకంటే తేలిక. ఉబ్బసం, పార్శ్వపునొప్పి, కడుపులో తిప్పడం ఉన్నవారు వాటి జోలికి పోకపోతే సరి. కారులో కంపు ఉంటే దానికి కారణముంటుంది. తివాచీ కింద తడో, ఏసీ వడపోత గుడ్డకు పట్టిన మట్టో, పిల్లవాడు పడేసిన బిస్కట్టో. దాన్ని తీయాలి గాని పైన అత్తరు చల్లితే ఏం లాభం? దుమ్ము కూడా పొడి ఈకల కుంచెతో దులపకండి. దులిపిన దుమ్ము పోయేది ముక్కులోకే. సీట్లను దుమ్ము లాగే యంత్రంతోనూ, మిగతాది తడిగుడ్డతోనూ తుడవండి. డాష్‌బోర్డు పాలిష్‌లు చాలావరకు సిలికాన్ నూనెలే, విషం తక్కువ. కాని జారుడు ఎక్కువ. స్టీరింగుకు, కాలితో తొక్కే పెడళ్ళకు, టైరు నేలకానే భాగానికి రాయకండి. బ్రేకు మీద కాలు జారితే వచ్చే జబ్బుకు మందు మా దగ్గర ఉండదు.

ఎండలో నిలిపిన కారు ఎక్కి ఏసీ వేస్తే డాష్‌బోర్డులోంచి బెంజీన్ వచ్చి క్యాన్సరు వస్తుందన్న కబురు ఏళ్ళ తరబడి వాట్సాప్‌లో తిరుగుతున్నది. ఎందరో నన్ను అడిగారు. కొత్త కారు వేడెక్కితే ప్లాస్టిక్కుల నుంచి కొన్ని ఆవిర్లు వచ్చే మాట నిజమే. ఆ కబురులోని అంకెలకు మాత్రం ఆధారం లేదు. ఐనా అద్దాలు దించి రెండు నిమిషాలు గాలి ఆడనివ్వడం మంచి పనే, లోపలి వేడి పోతుంది. ఆవిర్ల కంటే ఆ వేడి ప్రమాదం. పిల్లలను కారులో ఐదు నిమిషాలకైనా వదలకండి.

2020లో కరోనా భయానికి కార్ల మీద, సీట్ల మీద శానిటైజరు, హైపోక్లోరైటు కొట్టినవారున్నారు. సబ్బునీళ్ళు చాలని అప్పుడే చెప్పాము. సారాయి మండుతుంది, హైపోక్లోరైటు ఇనుమును తుప్పు పట్టిస్తుంది. ఆ ఏడాదే జూలై ఆఖర్న ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాటిని ఇంకా కారులో సీసాలకొద్దీ దాచుకున్నవారు ఉంటే తీసేయడం మంచిది. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులకు ఒక ముక్క. అక్కడ చలికాలంలో అద్దం కడగడానికి పోసే నీలంరంగు నీళ్ళలో మిథనాల్ ఉంటుంది. చూపు తీసే సరుకది. గరాజులో మనుమలకు అందకుండా చూడండి. మన దగ్గర ఆ తొట్టిలో ఉత్త నీళ్ళే పోస్తాం. ఉత్త నీళ్ళు నిలవుంటే వాటిలో లెజియోనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. ఆ తుంపరలు పీల్చినవారికి నిమోనియా వచ్చే అవకాశముందని ఇంగ్లండులో 2010లో ప్రకటించిన ఒక పరిశీలనలో తేలింది. కాబట్టి అద్దం కడిగే ద్రవం కాస్త కలపడం దండగ ఖర్చు కాదు. నేను అనవసరమనని కొద్ది సరుకుల్లో అదొకటి. కడగడం అయ్యాక బక్కెట్లు బోర్లించండి. పాత టైర్లలో, కారు ముసుగు గుంటల్లో వారం నిలిచిన నీళ్ళు డెంగ్యూ దోమకు చాలు.

బ్యాటరీ కొసలకు పట్టే తెల్లటి, పచ్చటి పొడిని ఉత్తచేత్తో గీకవద్దు. అందులో సీసపు లవణాలుంటాయి. ఇంజను ఆపి, తొడుగులూ కళ్ళజోడూ పెట్టుకుని, కప్పు నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి బ్రష్షుతో కడగాలి. ఆ సోడానీళ్ళు బ్యాటరీ లోపలికి పోకూడదు. నోట్లో బీడీ, సిగరెట్టు ఉండకూడదు. బ్యాటరీ నుంచి వచ్చే వాయువు అంటుకుంటుంది.

మా వెనక సందు వాచ్‌మన్ గోరు మళ్ళీ మొలవడానికి ఆరేడు నెలలు పట్టింది. నిలువునా ఒక గీత పడి, కాస్త వంకరగా వచ్చింది. మూడో అంతస్తు పెద్దమనిషి చాలా నొచ్చుకున్నాడు. ఆసుపత్రి ఖర్చు, పని పోయిన రోజుల కూలి ఆయనే ఇచ్చాడు. పోయిన దసరాకు అటు వెడుతూ చూస్తే భార్యాభర్తలిద్దరి చేతులకూ పసుపురంగు తొడుగులున్నాయి. నన్ను చూసి వాచ్‌మన్ ఒక సీసా పట్టుకుని పరుగున వచ్చాడు. "సారూ, నాలుగో మాడీ సార్లు కొత్తది తెచ్చిన్రు. జర సదివి చెప్పుండ్రి, అప్పటిదాక ముట్టనని చెప్పిన" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మామూలు షాంపూ.

"కడుక్కో" అన్నాను.